చెప్పిన మాట ఎవరిది?

1972 డిసెంబరులో ఉత్తర ఐర్లాండ్‌లో, బెల్‌ఫాస్ట్‌లోని డివిస్ ఫ్లాట్స్ నుంచి జీన్ మెక్‌కాన్విల్‌ను, బ్రిటిష్ పాలన మీద ఆయుధాలు పట్టిన ఐఆర్‌ఏ వాళ్లు ఎత్తుకెళ్లారు. భర్త పోయిన మనిషి, పదిమంది పిల్లల తల్లి. పిల్లలు చెల్లాచెదురయ్యారు. 1999లో ఐఆర్‌ఏ చూపించిన చోట తవ్వితే ఏమీ దొరకలేదు. చివరికి 2003లో లౌత్ కౌంటీ సముద్రపుటొడ్డున నడుస్తున్నవాళ్ల కంట అనుకోకుండా శవం పడింది.

2001లో బోస్టన్ కాలేజీ ప్రాజెక్టు ఆ పోరులో ఉన్నవాళ్ల కథలు రికార్డు చేయడం మొదలుపెట్టింది. మీరు బతికుండగా బయటికి రావని మాట ఇచ్చింది. ఆ నమ్మకంతోనే ఐఆర్‌ఏలో పనిచేసిన డోలర్స్ ప్రైస్ మాట్లాడింది. 2011లో ఆ టేపుల కోసం ఉత్తర ఐర్లాండ్ పోలీసుల తరఫున అమెరికా కోర్టుల దాకా వ్యవహారం వెళ్లింది. 2013 జనవరిలో ఆమె చనిపోయింది, ఆ ఏడాదే టేపులు పోలీసులకు చేరాయి. జీన్‌ను సరిహద్దు దాటించిన కారు తానే నడిపానని ఆమె అప్పటికే పత్రికకు చెప్పి ఉంది.

నా పనీ అలాంటిదే, తెలంగాణ పల్లెల్లో ఆడవాళ్ల కథలు రికార్డు చేయడం. "బిడ్డా, గా ముచ్చట తీసెయ్యి, నా కోడలింటది" అంటే తీసేస్తాను. కర్ణపర్వంలో కౌశికుడి కథ నాకు అండ. నిజమే చెబుతానని వ్రతం పట్టి, అడవిలో దాక్కున్నవాళ్ల జాడ దొంగలకు చెప్పి, వాళ్ల చావుకు కారణమై నరకానికి పోయాడు. కానీ బెల్‌ఫాస్ట్‌లో జాడ అడిగింది తల్లిని పూడ్చిన చోటు కోసం ముప్పై ఏళ్లు ఎదురుచూసిన పిల్లలు. వాళ్ల ముందు నోరు మూసుకోవడమే నరకానికి దారి. ప్రైస్ జీవితం ప్రైస్‌ది, ఒప్పుకుంటాను. జీన్ జాడ మాత్రం జీన్ పిల్లలది. దాన్ని దాస్తామని మాట ఇచ్చే హక్కు ఎవరికీ లేదు.

అదే ఉత్తర ఐర్లాండ్‌లో, 1986లో మూతపడిన ఆర్మా ఆడవాళ్ల జైలుకు ప్రిజన్స్ మెమరీ ఆర్కైవ్ వాళ్లు 2006లో పాత ఖైదీలనూ సిబ్బందినీ మళ్లీ తీసుకెళ్లారు. గదుల్లో తిరుగుతూ మాట్లాడనిచ్చారు. 1980లో స్నానాలు మానేసి, నెలసరిలోనూ అవే బట్టలతో నిరసన చేసిన గదులవి. అలాంటి సంగతులు బయటపెట్టిన మనిషికి ఆ రికార్డింగు మీద హక్కుండాలి. ఆ ఆర్కైవ్ ఆ హక్కు ఇచ్చింది, వద్దనుకుంటే వెనక్కి తీసుకోవచ్చంది. ఇది నిలబెట్టుకోగల మాట.

ఇప్పుడు రికార్డర్ నొక్కే ముందే చెబుతున్నాను: "నీ ముచ్చట తీసెయ్యమంటే తీసేస్త. పోయినోళ్ల జాడ చెప్తే మాత్రం దాస్తనని మాటియ్యలేను." కొందరు అక్కడే లేచి వెళ్లిపోతారు. వాళ్లను ఆపను.