పులి–మేక ఆటలో న్యాయం ఎక్కడుంది?

ఆట అంటే మనకు చిన్నచూపు. పని లేనివాళ్ల వ్యాపకమని పెద్దలు విసుక్కుంటారు. పరీక్షలు దగ్గర పడ్డాయి, మానండని మాస్టార్లు కోప్పడతారు. అయితే నియమం అంటే ఏమిటో మనిషికి మొదట తెలిసేది ఆటలోనే. "ఇది నీ వంతు కాదు", "గీత లేనిచోట నడవకూడదు", "వేసిన పిక్క వెనక్కి తియ్యకూడదు" అని ఆరేళ్ల పిల్ల కూడా గట్టిగా అంటుంది. చట్టం అనే మాట ఆ పిల్ల ఇంకా వినలేదు. అన్యాయం జరిగితే మాత్రం వెంటనే పోల్చుకుంటుంది. "తొండి" అని ఒక్క మాటలో తీర్పు చెప్పేస్తుంది.

అందుకే ఒక పెద్ద ప్రశ్నను ఆట దగ్గరే అడుగుదాం. రెండు వైపులా బలం సమానంగా లేకపోతే ఆ ఆట న్యాయమైనదేనా? న్యాయమైనదే అయితే, కొండ మీద బతికే మనకూ కింద మైదానంలో ఉన్నవాళ్లకూ మధ్య శతాబ్దంగా నడుస్తున్నది కూడా అలాంటి ఆటేనా?

మనందరికీ తెలిసిన పులి–మేక ఆటనే చూద్దాం. దీన్ని పులిజూదం అని కూడా అంటారు. పలక లేకపోయినా ఫరవాలేదు, బొగ్గుముక్కతో అరుగు మీద గీసుకుంటే చాలు. పాత గుళ్ల మండపాల్లో రాతినేల మీద చెక్కిన గళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. సాధారణంగా 3 పులులు, 15 మేకలు. ఊరిని బట్టి ఈ లెక్క మారుతుంది. పులులకు రాళ్లు, మేకలకు చింతపిక్కలు పెట్టుకుంటాం. మేకలు ఒక్కొక్కటిగా గడిలోకి దిగుతాయి. అన్నీ దిగేదాకా ఏ మేకా కదలకూడదు. పులి మాత్రం మొదటి నుంచీ కదులుతుంది. పక్కనున్న మేక వెనక చోటు ఖాళీగా ఉంటే దాని మీంచి దూకి తినేస్తుంది. మేకకు దూకడం లేదు, తినడం లేదు. అది చేయగలిగింది ఒక్కటే, పులి కదలకుండా దారి కట్టడం. పులులన్నిటికీ దారి మూసుకుపోతే మేకలు గెలిచినట్టు.

పైకి చూస్తే ఇది అన్యాయంగానే ఉంది. ఒకడి చేతిలో కోరలు, ఇంకొకడి చేతిలో పిక్కలు. అయినా ఈ ఆటను మనవాళ్లెవరూ తొండి ఆట అనలేదు. తరతరాలుగా ఆడుతూనే ఉన్నారు. మేకల వైపు కూర్చున్నవాళ్లు ఎన్నోసార్లు గెలిచారు కూడా. ఎలా గెలవాలో ఆడినవాళ్లకు తెలుసు. మొదటి మేకల్ని అంచుల్లో పెట్టాలి, ఎందుకంటే అంచున ఉన్న మేక వెనక పులి దిగడానికి చోటుండదు. ఏ మేకనూ వెనక ఖాళీ ఉంచి ఒంటరిగా వదలకూడదు. జతగా, వరసగా నిలబెట్టాలి. తొందరపడి పులి మీదికి పోకుండా, అది కదిలే చోట్లను ఒక్కొక్కటే మూసుకుంటూ రావాలి. పులి వైపు వాడి ఎత్తు దీనికి తలకిందులు. నాలుగు దారులు కలిసే కూడలిని వదలకూడదు, మూడు పులులూ ఒకే మూల ఇరుక్కోకూడదు.

మన ఆటకు దాయాది లాంటిది నేపాల్‌లో ఉంది. పేరు బాఘ్‌చాల్. 25 చోట్లు, 4 పులులు, 20 మేకలు. లిమ్ యూ జిన్, యూర్గ్ నీవెర్‌గెల్ట్ అనే ఇద్దరు పరిశోధకులు కంప్యూటరుతో ఆ ఆటను చివరిదాకా లెక్క కట్టారు. ఇద్దరూ ఒక్క తప్పు కూడా చేయకుండా ఆడితే ఎవరూ గెలవరు, ఎవరూ ఓడరు అని తేల్చారు. పులి బలమూ మేకల సంఖ్యా ఒకదానికొకటి సరిగ్గా తూగాయన్న మాట. ఏ పల్లెవాళ్లు ఆ లెక్క కుదిర్చారో వాళ్ల దగ్గర కంప్యూటరు లేదు. ఆడి ఆడి, ఎక్కువ తక్కువలు సవరించుకుని ఉంటారు.

కాబట్టి న్యాయమంటే రెండు వైపులా ఒకే బలం ఉండడం అనుకుంటే పొరపాటు. ఈ ఆటను న్యాయమైనదిగా నిలబెట్టేవి వేరే నాలుగు ఉన్నాయి. ఒకటి, నియమాలన్నీ ఆటకు ముందే ఇద్దరికీ తెలుసు. రెండు, పలక మీద ఉన్నదంతా ఇద్దరికీ కనిపిస్తుంది, దాచిన ముక్క ఏదీ లేదు. మూడు, ఒక ఆట అయ్యాక వైపులు మారతాయి, ఇప్పుడు పులి పట్టినవాడు తర్వాత మేకలు పట్టాలి. నాలుగు, ఇష్టం లేకపోతే లేచి వెళ్లిపోవచ్చు, వెళ్లినందుకు ఎవడి పొలమూ పోదు.

వీటిలో మూడోది నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపిస్తుంది. రేపు మేకల వైపు కూర్చోవలసిన వాడు ఇవాళ పులికి అడ్డగోలు నియమం పెట్టమని అడగడు. నియమం రాసే చేతికి తాను ఏ వైపు కూర్చుంటాడో తెలియకపోతే ఆ నియమం న్యాయంగా ఉంటుందని అమెరికా తత్త్వవేత్త జాన్ రాల్స్ 1971లో తన పుస్తకంలో వాదించాడు. మన పిల్లలు ఆ పుస్తకం చదవకుండానే "ఈసారి నువ్వు మేకలు తీసుకో" అంటారు.

ఇప్పుడు ఇదే కొలతను పేకాటకు పెట్టి చూద్దాం. ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో రైలెక్కి చెన్నై వైపు పనులకు పోయే మన కుర్రాళ్లు ఎందరో ఉన్నారు. దూరప్రయాణంలో పేకలు బయటికి రావడం మామూలే. ఊసుపోవడానికి ఆడితే తప్పు లేదు. డబ్బు పెట్టినప్పుడు సంగతి మారుతుంది. అక్కడ చట్టం అడిగే ప్రశ్న ఒకటుంది, ఇది నైపుణ్యమా, అదృష్టమా అని. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీ నైపుణ్యం ఉన్న ఆటేనని చెప్పింది. పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో ఆలోచించాలి, కాబట్టి మూడు ముక్కలాటలాగా అది కేవలం అదృష్టం కాదంది. అయితే ఆడించేవాడు ఆట మీద లాభం తీసుకుంటున్నాడని రుజువైతే అది నేరం కావచ్చని కూడా అదే తీర్పులో ఉంది.

నైపుణ్యం అన్న మాటను పట్టుకుని ఫోన్లలో రమ్మీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1974 నాటి జూదాల చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. చట్టం సంగతి చట్టానిది. నీతి అడిగే ప్రశ్న వేరు. పైన చెప్పిన నాలుగింటినీ ఫోను రమ్మీకి పెట్టండి. ఎదుటివాడెవడో కనబడడు. ముక్కలు కలిపేది ఎవరో కనబడదు. ఎవరు గెలిచినా ఆటకింత అని తీసుకునే కంపెనీ ఎప్పుడూ ఓడిపోయే వైపు కూర్చోదు. పోయిన డబ్బు రాబట్టుకోవాలన్న ఆశ మనిషిని లేవనివ్వదు. నాలుగులో మూడు అక్కడికక్కడే పోయాయి. నైపుణ్యం ఉన్నంత మాత్రాన ఆట న్యాయమైపోదు. కూలి డబ్బు పోగొట్టుకున్న కుర్రాడితో "నీకు నైపుణ్యం చాల్లేదు" అనడం, వాణ్ణి రెండోసారి దోచుకోవడమే.

ఇక అసలు పలక దగ్గరికి వద్దాం. అది భూమి. అప్పులిచ్చిన షావుకారు కాగితం రాశాడు, మన తాతలు వేలిముద్ర వేశారు. కాగితంలో ఏముందో ఒకరికే తెలుసు. నియమం ముందే తెలియాలన్న మొదటి షరతు అక్కడే పోయింది. అందుకే 1917లోనే బ్రిటిష్ ప్రభుత్వం ఏజెన్సీలో భూముల బదిలీ మీద చట్టం చేయవలసి వచ్చింది. తర్వాత 1959 నాటి నిబంధన, దానికి 1970లో సవరణ వచ్చాయి. మనం 1/70 అని పిలిచేది ఆ సవరణనే. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందే అని ముందుగా భావించాలి, కాదంటే రుజువు చేసుకోవలసింది అతడే అని ఆ సవరణ చెప్పింది. ఆ కొండల్లో అప్పటికే పోరాటం రగులుతోంది, రక్తం కూడా పారింది.

1/70 గురించి కింద ఊళ్లలో ఒక మాట వినిపిస్తుంది: "ఒక వర్గానికే ప్రత్యేక నియమమా? ఇది తొండి కాదా?" ఈ మాటను కోపంతో కొట్టిపారేయకుండా జవాబు చెప్పాలి. పులి–మేక ఆటలో మేకలు 15, పులులు 3. మేకలకు ఎక్కువ పిక్కలు ఇవ్వడాన్ని ఎవరైనా పక్షపాతం అంటారా? అనరు. దూకే హక్కు పులికి ఇచ్చినందుకు మేకలకు సంఖ్య ఇచ్చారు. లెక్క సమానం కావాలంటే 3 పులులకు 3 మేకలు పెట్టి చూడండి, ఆట మొదలైన కాసేపటికే ముగుస్తుంది. చదువు, డబ్బు, ఆఫీసుల్లో పరిచయాలు ఒక వైపే ఉన్నచోట రెండో వైపుకు రక్షణ ఇవ్వడం ఆటను తూగేలా చేయడమే.

పలక గీతలు కూడా మనం గీసినవి కావు. ఆమదాలవలస షెడ్యూల్డు ప్రాంతం కాదు. ఆ మాటకొస్తే కొండను ఆనుకుని, మన జనమే ఉన్న ఎన్నో ఊళ్లు షెడ్యూలులో లేవు. గట్టుకు అటువైపు ఉన్న సవర రైతుకు 1/70 రక్షణ ఉంటుంది, ఇటువైపు ఉన్న అతని బావమరిదికి ఉండదు. ఇద్దరి నేలా ఒకటే, ఇద్దరి కష్టమూ ఒకటే. నియమాన్ని ఎంత బాగా రాసినా గీత ఎక్కడ గీశారన్న దాని మీదే అది ఎవరికి పనికొస్తుందో తేలుతుంది.

ఇంకొక కష్టమైన ప్రశ్న మిగిలింది. పులి–మేకలో మంచి ఆటగాడు ఒక్కోసారి కావాలని ఒక మేకను వదిలేస్తాడు. పులి ఆశపడి దూకుతుంది, దూకినచోట ఇరుక్కుంటుంది. ఇది మోసం కాదు. ఎదుటివాడికీ పలక కనిపిస్తూనే ఉంది, వద్దనుకుంటే దూకకపోవచ్చు. అదే ఎత్తు జీవితంలోకి వస్తే? "పదిమంది మేలు కోసం కొందరు నష్టపోక తప్పదు" అంటారు. వంశధార మీద హిరమండలం రిజర్వాయరు కోసం ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆ నీళ్లు కింద ఎందరికో అన్నం పెడతాయి, దాన్ని కాదనలేం. కానీ చింతపిక్కకు నొప్పి తెలియదు, ఊరికి తెలుస్తుంది. పిక్కను వదులుకునేవాడు తన పిక్కనే వదులుకుంటాడు. ఊళ్ల విషయంలో వదిలేది ఒకరు, పోయేది ఇంకొకరు. నష్టపోయే మనిషిని ముందుగా అడగాలి, అర్థమయ్యే భాషలో అడగాలి, వద్దనే హక్కు అతనికి ఉండాలి. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలని రాసింది. సంప్రదించడం వేరు, ఒప్పించడం వేరు. ఆ తేడా మన పిల్లలకు చిన్నప్పుడే తెలియాలి.

భాష సంగతి కూడా చెప్పాలి. పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేసి, సవర పిల్లలకు వాళ్ల మాటల్లోనే చదువు చెప్పించే ప్రయత్నం చేశారు. అర్థం కాని భాషలో ఉన్న నియమం దాచిన ముక్క లాంటిది. చేతిలో ఉన్నవాడికే అది ఉపయోగం.

ఉపాధ్యాయులకు ఒక మనవి. వారానికి ఒక గంట పిల్లలతో పులి–మేక ఆడించండి. తప్పకుండా వైపులు మార్పించండి. ఆ తర్వాత మేకల్ని ఐదు తగ్గించి ఒకసారి ఆడించి, "ఇది బాగుందా?" అని అడగండి. పలక మీద కొత్త గీత ఒకటి గీసి, దాంతో ఎవరికి లాభమో చెప్పమనండి. సవరలోనో, కువిలోనో, తెలుగులోనో, ఏ భాషలో నోరు తిరిగితే ఆ భాషలో నియమాలు చెప్పించండి. పౌరశాస్త్రం పాఠం దాని వెనకే వస్తుంది.

యువకులకు చెప్పేది తక్కువే. ఎవరైనా మిమ్మల్ని ఏ ఆటకు పిలిచినా, అది పేకలదైనా, అప్పుదైనా, భూమి కాగితానిదైనా, కూర్చునే ముందు నాలుగు మాటలు అడగండి. నియమాలు నాకు ముందే చెబుతావా? పలకంతా నాకు కనిపిస్తుందా? రేపు నువ్వు నా వైపు కూర్చుంటావా? నాకు ఇష్టం లేకపోతే లేచి వెళ్లనిస్తావా? ఒక్కదానికైనా జవాబు తడబడితే కూర్చోకండి. అప్పటికే కూర్చుని ఉన్నామంటారా, అప్పుడు మేకలు చేసే పనే చెయ్యాలి. వెనక ఖాళీ లేకుండా ఒకరి పక్కన ఒకరు నిలబడాలి.