జరగనివాటికి స్తోత్రం

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మన తెలుగువాళ్ళ ఇంటి ప్రార్థనకి ఎప్పుడు వెళ్ళినా సాక్ష్యాల వరస దాదాపు ఒకటే. ప్రమోషన్ వచ్చింది, స్తోత్రం. అబ్బాయికి సీటొచ్చింది, స్తోత్రం. ట్రాన్స్‌ఫర్ ఆగింది, మరీ పెద్ద స్తోత్రం. వెక్కిరించడానికి నాకు నోరు రాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో వాల్తేరు కూడా ఆ కంపెనీ లైన్లోదే గనక శ్రీకాకుళం, విజయనగరం వైపు జనం ఉద్యోగం వెంట ఇంతదూరం వచ్చారు. ఊరుగాని ఊళ్ళో ఒకటో తారీకు జీతంలో దేవుడి చెయ్యి కనబడటం వింతేమీ కాదు.

కానీ జరిగినవాటికే స్తోత్రం చెప్పడం అలవాటైతే జరగనివి లెక్కలోకి రావు. ఈ ఊరు బతికేదే జరగనివాటి మీద. కోర్బా బొగ్గు గూడ్సులు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి. వాటికి ముందు కీమ్యాన్ స్పానరు, సుత్తి, ఎర్రజెండా పట్టుకుని తన బీటు పొడవునా నడుస్తాడు. వదులైన కీని కొట్టి బిగిస్తాడు, పట్టా ఎక్కడైనా చిట్లిందేమో వంగి చూస్తాడు. అతని పని సరిగ్గా సాగిన రోజు ఏమీ జరగదు. ఆ ఏమీ జరగకపోవడం గురించి సాక్ష్యం చెప్పినవాళ్ళని నేను వినలేదు.

దీనికి వ్యతిరేకంగా ఇంకో బోధ ఉంది: కష్టానికీ నష్టానికీ కూడా స్తుతించాలని. పౌలు థెస్సలొనీకయులకు రాసిన 'ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి' అన్న మాటని అక్కడిదాకా లాగడం నాకు నచ్చదు. కొడుకుని పట్టాల మీద పోగొట్టుకున్న తల్లి చేత స్తోత్రం పలికించడం భక్తి కాదు, దౌర్జన్యం.

కృతజ్ఞత మాటొస్తే లూకా సువార్తలో యేసు బాగుచేసిన పదిమంది కుష్ఠరోగులు గుర్తొస్తారు. తిరిగొచ్చి స్తోత్రం చెప్పింది వాళ్ళలో ఒక్కడే. మిగతా తొమ్మండుగురినీ ప్రసంగాల్లో తిట్టడం మామూలే. నిజానికి వాళ్ళు యేసు వెళ్ళమన్నచోటికే వెళ్ళారు. మాట జవదాటి వెనక్కి తిరిగింది సమరయుడే. ఇక్కడికి తూర్పున, హౌరా లైన్లోనే ఉన్న చాంపాలో ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్ళలో మెన్నొనైట్ మిషనరీలు కుష్ఠరోగుల ఆశ్రమం పెట్టారు. రోగం తగ్గినా ఇంట్లోవాళ్ళు తలుపు తియ్యని కాలం అది. అది తెలిశాక తొమ్మండుగురి మీద నాకు కోపం పోయింది. పిల్లల్ని చూసుకోవాలన్న ఆత్రంలో పరిగెత్తి ఉంటారు పాపం. ఆ ఒక్కడు మాత్రం బాగుచేసిన మనిషి ముఖం చూడాలనుకున్నాడు. ఆజ్ఞాపిస్తే పుట్టేది కాదది.

కృతజ్ఞత మీద నాకు తెలిసిన గొప్ప రచన క్రైస్తవుడిది కాదు, రవీంద్రుడిది. 1918లో వచ్చిన 'పలాతక'లోని 'ఫాంకి' కవిత మా స్టేషన్లోనే నడుస్తుంది. జబ్బుమనిషి బిను, భర్తతో బండి మారడానికి ఇక్కడ దిగుతుంది. కూలీ భార్య రుక్మిణి కూతురి పెళ్ళికని ఇరవై అయిదు రూపాయలు అడిగితే, ఇమ్మని భర్తకి చెబుతుంది. అతను రెండు రూపాయలిచ్చి రుక్మిణిని పంపేసి, భార్యకి ఆ సంగతి తెలియనివ్వడు. రెండు నెలలకి బిను చనిపోతుంది, ఇంత సంతోషమిచ్చావని భర్తకి కృతజ్ఞత చెబుతూ. తనకి దక్కకూడని ఆ కృతజ్ఞతే అతన్ని కాల్చింది. బాకీ తీర్చడానికి బిలాస్‌పూర్ తిరిగొచ్చి వెతికితే, రుక్మిణివాళ్ళు ఎటుపోయారో చెప్పేవాడే లేడు. మనకి అర్హత లేకుండా దొరికినదాన్ని కృప అంటాం. అది ఇంత మంట పెడుతుందని మా ప్రసంగాల్లో చెప్పరు.

ఆ కవితని స్టేషన్లో ఫలకం మీద చెక్కించారు. క్రిస్మస్ సెలవులకి మావాళ్ళు ఆ స్టేషన్లోనే కోర్బా–విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతారు. సామాను ఎక్కించిన కూలీతో ఇరవై రూపాయల దగ్గర గట్టిగా బేరమాడి, బండి కదలగానే క్షేమ ప్రయాణానికి కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెడతారు.