బాణసంచా - మన బాధ్యత

దీపావళి సమీపించుచున్నదనగానే మన కంటోన్మెంటులోని తెలుగు కుటుంబములలో ఒక లెక్క మొదలగును: ఈ యేడు టపాకాయలకు ఎంత సొమ్ము కేటాయింపవలెను? ఆ లెక్క తేలినచో బాణసంచా విషయమై ఇక ఆలోచింపవలసినది లేదని తలంతుము. మాకు మాత్రము అసలు విచారము అక్కడనే మొదలగుచున్నది. వెల చెల్లించినంత మాత్రమున మన బాధ్యత తీరిపోవునా?

ఈ వినోదము మన సీమకు క్రొత్తది కాదు. 1443లో విజయనగరమునకు వచ్చిన పారసీక రాయబారి అబ్దుర్ రజాకు మహానవమి యుత్సవములను వర్ణించుచు అచటి బాణసంచాను గూడ పేర్కొనినాడు. ఆ హంపి 2021లో విజయనగర జిల్లా వేరుపడువరకు మన బళ్లారి జిల్లాలోనిదే. మనము చిచ్చుబుడ్డి యనుదానిని కన్నడ సోదరులు హూకుండ యందురు. మన టపాకాయ వారికి పటాకి. పేరేదైనను లోపలి మందు ఒక్కటియే.

ఆ మందునకు మూలము సూరేకారము, బొగ్గుపొడి, గంధకము. నల్లమందులో ఇవి నూటికి సుమారు 75, 15, 10 పాళ్లు. కట్టె మండుటకు బయటి గాలి కావలెను; ఈ మందునకు అక్కరలేదు. సూరేకారము తనలోని ప్రాణవాయువును విడిచి తక్కిన రెంటిని మండించును. అందుచేతనే అంటుకొనిన మందుపై గోనె కప్పినచో ఆరునని నమ్మరాదు. చిచ్చుబుడ్డికి మూతి తెఱచియుండును గనుక వాయువులు పైకి లేచి పువ్వులు చిమ్మును. గట్టి కాగితపు చుట్టలో బిగించినచో దారిలేని వాయువు చుట్టను బ్రద్దలు చేయును. అదియే మనము విను ధ్వని. నేటి పెక్కు టపాకాయలలో నల్లమందునకు మాఱుగా అల్యూమినియము పొడి కలిపిన మిశ్రమమును వాడుదురు. అది మిక్కిలి తొందరపాటు గల పదార్థము. రాపిడి చాలును, ఒక రవ్వ చాలును. బట్టల ఒరిపిడివలన పుట్టు విద్యుత్తు కూడ ఒక్కొక్కప్పుడు చాలును. ఇక రంగులందురా, ఎఱుపునకు స్ట్రాన్షియము, ఆకుపచ్చకు బేరియము, నీలమునకు రాగి లవణములు. కాకరపువ్వొత్తినుండి రాలునది ఇనుపరజను. సండూరు కొండల నెఱిగిన మనకు ఇనుము పరాయిది కాదు గాని, వేయి డిగ్రీల వేడిని పసివాని చేతికి ఇచ్చుచున్నామను మాట తరచు మఱచిపోవుదుము.

ప్రతి పెట్టెమీదను ఒక హెచ్చరిక యుండును: ఒత్తి వెలిగించి దూరముగా తొలగుడని. మంచి మాటయే. కాని అది వెలిగించువానికి మాత్రమే పనికివచ్చు మాట. మందు కలుపువాడు ఎచ్చటికి తొలగగలడు?

పూర్వము అనేక గృహములలో పెద్దలే మందు నూరి, మతాబులు చుట్టి, చిచ్చుబుడ్లు కూరెడివారు. అది క్షేమమైన పని యని మేము చెప్పుటలేదు. లైసెన్సు లేక అట్లు చేయుట నేడు నేరము, కావలసినదే. అయితే ఆనాడు వేడుక ఎవరిదో అపాయమును వారిదే. నేడు వేడుక మనకు మిగిలినది, అపాయము మాత్రము ఊరు దాటిపోయినది. 1923లో అయ్య నాడారు, షణ్ముగ నాడారు కలకత్తా పోయి అగ్గిపుల్లల తయారీ నేర్చి వచ్చిన పిమ్మట శివకాశి అగ్గిపెట్టెలకును, తరువాత బాణసంచాకును నెలవైనది. వానలు చాలని ఆ నేలలో వేలకొలది కుటుంబములకు ఆ పనియే కూడు పెట్టినది. ఆ శివకాశి చెంతనే 2012 సెప్టెంబరు 5న ముదలిపట్టి కర్మాగారములో 38 మంది మడిసిరి. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నములో ఎనిమిదిమంది పోయిరి. మన రాష్ట్రమునందే, బెంగుళూరునుండి హోసూరు పోవు దారిలోని అత్తిబెలెలో 2023 అక్టోబరు 7న టపాకాయల గిడ్డంగి అంటుకొని 14 మంది ఆనాడే మరణించిరి. వారిలో పలువురు పండుగ ముందు నాలుగు రూకలు సంపాదింపవచ్చునని తమిళదేశమునుండి కూలికి వచ్చిన పడుచువారు.

కావున కొనుటయే మానుదమందురు కొందఱు. నెలనెల పింఛను పుచ్చుకొను మాబోంట్లకు ఆ మాట సులభము. ఆ కూలితో బియ్యము తెచ్చుకొనువానికి కాదు. మనము కొనుటవలననే వారి పొయ్యి రాజుచున్నదని మఱికొందఱందురు. ఈ వాదమును మేము సగమే ఒప్పుకొందుము. అన్నము పెట్టుచున్నామని చెప్పుకొనువాడు ఆ పని జరుగు పాక ఎట్టిదో కూడ విచారింపవలెను గదా! పాకకును పాకకును నడుమ ఇంత యెడముండవలెను, ఒక గదిలో ఇంతకు మించి మందును మనుష్యులును ఉండరాదు అని నిబంధనలు కలవు. వానిని పాటించుటకు ఖర్చగును. పాటింపని సరకు చవుకగా దొరకును. జీవితమంతయు పద్దులు వ్రాసిన మాకు, సగము వెలకు వచ్చినదను సంతోషము వినినప్పుడెల్ల ఆ మిగిలిన సగము ఎవరి ఖాతాలో ఖర్చు పడినదను ప్రశ్న తోచును.

ఇరుగుపొరుగువారి మాట వేఱు. కొందఱు యువకులు, ఇచట మనము కొద్దిమందిమి గనుక పండుగనాడైనను మన యునికి ఊరికి వినబడవలెనందురు. 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరిననాటినుండియు తెలుగు కుటుంబములు ఇచట నిలిచినది చప్పుడువలన కాదు. గోడ కావల బాలింతరాలో, గుండెజబ్బు మనిషియో ఉండవచ్చును. సుప్రీముకోర్టు 2018 అక్టోబరు 23 నాటి తీర్పులో దీపావళి రాత్రి 8 మొదలు 10 గంటలవఱకే కాల్పవలెనని నిర్ణయించి, బేరియము లవణములను నిషేధించి, కాలుష్యము తక్కువగు హరిత టపాకాయలకే అనుమతి ఇచ్చినది. వీనిలో పొగ తగ్గునే గాని వేడి తగ్గదు.

మా మనవి యిది. సందులలో వేఱువేఱుగా కాల్చుటకంటె నాలుగిండ్లవారు ఒక మైదానమున చేరుట మేలు. నూలుబట్టలు కట్టుడు, బొక్కెనలతో నీరుంచుడు. పేలనిదానివద్దకు పోయి వంగి చూడరాదు. దూరమునుండి నీళ్లు పోయవలెను. చేయి కాలినచో సిరా, పండ్లపొడి పూయక, ఇరువది నిమిషములు చల్లని నీటిధార పట్టి వైద్యునికడకు కొనిపొండు. 2025 దీపావళికి భోపాలులో ఎందఱో బాలుర కన్నులను చెఱచిన కార్బైడు తుపాకిని ఇంట అడుగుపెట్టనీయకుడు. సరకును లైసెన్సుగల అంగడిలోనే, రసీదు అడిగి కొనుడు. అట్లయిన వెల ఎక్కువగునని అంగడివాడు చెప్పవచ్చును. కానిండు, ఆ మేరకు రెండు పెట్టెలు తగ్గించి కొందము.