రాసినది చదివి వినిపించండి

దైవవాణి అవతరించినప్పుడు హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) లిఖించేవారు. రాయడం ముగియగానే మహాప్రవక్త (స) చదివి వినిపించమనేవారు. ఏదైనా తప్పిపోతే సరిచేసేవారు. ఆ తర్వాతే అది ప్రజల్లోకి వెళ్ళేదని జైద్ గారే ఉల్లేఖించారు. అంతటి లేఖకునికే ఆ నియమం!

తెలుగు మన ఇంటి భాష కాదంటారా? 1945లో మన నరసాపురంలో కన్నుమూసిన ఉమర్ ఆలీషా అరబీ, ఫార్సీ నేర్చినవారే. తెలుగులో కావ్యాలు, నాటకాలు రాశారు. ఆయన సూఫీ మార్గంపై భిన్నాభిప్రాయాలుండవచ్చు, ఆయన తెలుగుపై లేవు.

కనుక వ్యాసం పంపేముందు ఇంట్లో అమ్మీకి వినిపించండి. ఆమెకు అర్థం కానిచోట తిరగరాయండి. హదీసైతే మూలగ్రంథం చూడనిదే పంపకండి. ప్రవక్త (స) అనని మాటను తెలిసీ ఆయనకు అంటగట్టేవాని నివాసం నరకాగ్నిలోనేనన్న హెచ్చరిక ఉంది. ఒక్క వాక్యానికి మూలం దొరక్క నా వ్యాసం ఒకటి ఇంకా బల్లసొరుగులోనే ఉంది.