పూర్వుల విస్తరియు నేటి ధర్మమును

మానవుడు తన పూర్వులను తలచుకొనునపుడు సాధారణముగ వారు కట్టిన గుడులను, త్రవ్విన చెఱువులను, చేసిన దానములను తలచుకొనును. వారేమి తినిరి అను ప్రశ్న అల్పముగ తోచును. కాని మన గృహములలో పుట్టు వివాదములలో అనేకములు ఈ ప్రశ్ననే ఆశ్రయించియున్నవి. "ఇది మన వంశమున లేదు", "మన పెద్దలు దీనిని ముట్టలేదు" అను మాటలు వంటయింట ఎన్ని మారులు వినబడుటలేదు! క్రొత్తకోడలు పుట్టింటినుండి తెచ్చిన వంటకమును త్రోసివేయుటకును, పొరుగువాని విస్తరిని తక్కువ చేయుటకును ఈ మాటలే సాక్ష్యముగ చూపబడుచున్నవి. కావున పూర్వుల ఆహారమును గూర్చి నిజమైన సాక్ష్యమేదియో, అది మనలను ఎంతవరకు బంధించునో విచారించుట యుక్తము.

నేను ఉద్యోగకాలమంతయు దస్త్రముల నడుమ గడిపిన గుమాస్తాను. ఎవరో చెప్పిన మాట వేఱు, కాగితముపైనున్న మాట వేఱు అని ఆ వృత్తి నాకు నేర్పినది. అతి ప్రాచీనుల భోజనమునకు కాగితము లేదు. కాని మన్ను కలదు.

దక్షిణదేశమున మన్నును చదువుటకు దారి చూపినవారిలో రాబర్టు బ్రూస్ ఫూటు దొర ముఖ్యుడు. 1863లో పల్లావరమున ఆదిమానవుని రాతి పనిముట్టును గుర్తించినవాడు ఈయనయే. 1880 తరువాతి దశకమున కర్నూలు సీమయందలి బిల్లసర్గము గుహలలో త్రవ్వి అనేక జంతువుల యెముకలను వెలికి తీసెను. ఆయన సేకరించిన ప్రాచీన వస్తువులను 1904లో మద్రాసు ప్రభుత్వము కొనినది. అవి మన పురసవాక్కమునుండి నడచిపోదగిన దూరముననున్న ఎగ్మూరు మ్యూజియమున చేరినవి.

తరువాత 1957లో ఆల్చిన్ అను ఆంగ్ల పండితుడు మహబూబ్‌నగర్ ప్రాంతమునందలి ఉట్నూరు బూడిదదిబ్బను త్రవ్వెను. అది రాక్షసుల చితాభస్మము కాదు, ఋషుల హోమభస్మమును కాదు. పశువుల దొడ్డిలో పేరుకొనిన పేడ మరల మరల కాలుటచే ఏర్పడిన దిబ్బ. అందు గిట్టల ముద్రలు సైతము చెక్కుచెదరక నిలిచియున్నవి. మన నేలపై వేలయేండ్ల క్రిందట పశుపోషణ ఎంత విస్తారముగ నుండెనో ఆ బూడిదయే చెప్పినది.

అటుపిమ్మట డోరియన్ ఫుల్లరు మొదలగు శాస్త్రజ్ఞులు బళ్లారి దాపుననున్న సంగనకల్లునందును, కడప కర్నూలు సీమలలోని పాత గ్రామస్థలములందును గింజలను వెదకిరి. పద్ధతి సులభమైనది. త్రవ్విన మన్నును నీటిలో కలుపుదురు. మన్ను అడుగునకు దిగును. పొయ్యిలో మాడి బొగ్గయిన గింజలు పైకి తేలును. వానిని సన్నని జల్లెడతో పట్టి, ఆరబెట్టి, సూక్ష్మదర్శినిలో చూచి జాతిని నిర్ణయింతురు. సుమారు 4000 ఏండ్లనాటి ఆ బొగ్గులో ముఖ్యముగ కనబడినవి ఉలవలు, పెసలు, అండుకొఱ్ఱలు మొదలగునవి. గోధుమలును యవలును కొంచెముగ నున్నవి. వరి అన్నమే మన జాతికి ఆదినుండి ఆహారమని నమ్మువారు ఒక్క క్షణము ఆగవలసియున్నది. ఆ పొరలలో వరికి ప్రధానస్థానము లేదు. ఆ కాలపు స్థలములలో పశువుల, గొఱ్ఱెల, మేకల యెముకలును దొరకినవి. కొన్నిటిపై కోతగుర్తులును కలవు. ఈ సాక్ష్యము ఎవరికి ప్రియము, ఎవరికి అప్రియము అని మన్ను విచారింపదు.

గింజయు ఎముకయు దొరకనిచోట సైతము శాస్త్రమునకు మార్గము కలదు. ప్రాణి తిన్న ఆహారము దాని ఎముకలోను, గ్రుడ్డు పెంకులోను తన గుర్తును విడుచును. నత్రజనిలో తేలికది, బరువైనది అని రెండు రకములు కలవు. ఒక జీవి మఱియొక జీవిని తినుచు పోయినకొలది బరువైనదాని పాలు హెచ్చును. అన్నమయమైన శరీరమని మన పెద్దలు చెప్పినమాటకు ఇది కొలతతోకూడిన వ్యాఖ్యానమువలె నున్నది. దక్షిణధ్రువ ఖండమునందలి అడేలీ పెంగ్విను పక్షుల పెంకులను, 38,000 ఏండ్ల ప్రాచీనమైనవానివరకు, ఎమ్స్‌లీ, ప్యాటర్సన్ అను శాస్త్రజ్ఞులు ఈ విధముగ పరీక్షించి 2007లో ఫలితమును ప్రకటించిరి. ఆ పక్షులు వేలయేండ్లు హెచ్చుగ చేపలను తినినవి. గడచిన రెండు శతాబ్దములలోనే రొయ్యను పోలిన క్రిల్ అను చిన్నజీవికి మరలినవి. కారణమేమి? క్రిల్‌ను తినెడి తిమింగిలములను, సీలులను మనుష్యులు విచ్చలవిడిగ వధించుటచే క్రిల్ మిగిలిపోయెనని వారి ఊహ. అదియే నిజమైనచో, మనుష్యుడు చేసిన వధ నోరులేని పక్షి గ్రుడ్డుపై వ్రాయబడినదన్నమాట!

ఐనను సాక్షి ఎంత సత్యవంతుడైనను తాను చూచినదే చెప్పును. మాడిన గింజ నిలుచును. ఆకుకూర నిలువదు, పెరుగు నిలువదు. పెంకు చేపయా క్రిల్లా అని చెప్పునుగాని రుచిని చెప్పదు. "దొరకలేదు" అనుట వేఱు, "తినలేదు" అనుట వేఱు. మహాశాస్త్రజ్ఞులే ఈ భేదమును పాటించుచుండగా, మూడు తరముల జ్ఞాపకము మాత్రమే గల మనము "అనాదిగ లేదు" అని తీర్పు చెప్పుట సాహసము కాదా?

ఇచట నొక ఆక్షేపణ రావచ్చును. ఆచారమునకు ప్రాచీనతయే బలము. ఆ బలమును తీసివేసినచో, పరభాషాప్రాంతమున కొలదిమందిగ నున్న మన పిల్లలు దేనిని పట్టుకొని తెలుగువారుగ నిలుతురు? ఈ భయము త్రోసివేయదగినది కాదు. తరతరములుగ ఈ పట్టణమున నివసించుచున్న మనకందఱకును ఇది అనుభవమే. కాని మన వంటయింటనే దీనికి సమాధానము కలదు.

మిరపకాయను చూడుడు. అది అమెరికా ఖండమున పుట్టి, పోర్చుగీసువారి నావలలో 16వ శతాబ్దమున మన దేశమునకు వచ్చినది. నేడు మిరపకాయ లేని ఆవకాయను ఏ తెలుగువాడైన ఊహింపగలడా? మన స్త్రీలు దానిని దంచి, ఆవపిండితోను నూనెతోను కలిపి మనదిగ చేసిరి. ఇక ఆబ్దికమునాటి వంటను చూడుడు. అనేక గృహములలో నాడు మిరపకాయ లేదు, మిరియమే. బంగాళదుంప లేదు, టొమాటో లేదు. అరటికాయ, కంద, కాకర, మినుములు, నువ్వులు మాత్రమే. సంగనకల్లు బొగ్గువలె ఆ విస్తరి యొక పాత కాలమును దాచియుంచినది! ఒకే యింట ఏడాది పొడుగున క్రొత్తది, ఒక్కనాడు పాతది, రెండును మనవియే. మొదటిది ఆదరముచే మనదైనది, రెండవది కృతజ్ఞతచే మనదిగ నిలిచినది. మన పిల్లలకు అందింపవలసిన బలము ఈ రెండే.

కావున ఏమి తినిరి అనునది మన్ను చెప్పవలసిన మాట; ఏమి తినవలెను అనునది మనస్సాక్షి చెప్పవలసిన మాట. మాంసము విడిచినవాడు జీవకారుణ్యముచే విడిచినచో అది గొప్ప ధర్మము. 4000 ఏండ్లనాటి కోతగుర్తులు దానిని తగ్గింపజాలవు. తినువాడును ఆ గుర్తులను చూపి తిననివానిని పరిహసింపరాదు. ఒకనాడు అతిథి వచ్చినచో కొఱ్ఱ అన్నమును దాచి వరి అన్నము వడ్డించిన గృహములు కలవు. 2023ను ఐక్యరాజ్యసమితి చిఱుధాన్య సంవత్సరముగ ప్రకటించిన పిమ్మట అదే ధాన్యము అందమైన పొట్లములలో అమ్ముడుపోవుచున్నది. ధాన్యము మాఱలేదు; మన చూపు మాఱినది. ఆ నడుమ సిగ్గుపడిన పేదవాని బాధ మాత్రము ఏ లెక్కకును రాలేదు.

మన పొయ్యి బూడిదను సైతము భావికాలమువారు నీటిలో తేల్చి పరీక్షింతురు గాక. మనమేమి తింటిమో వారు కనుగొందురు. ఎవరికి పెట్టితిమో, ఎవరిని విస్తరి ముందునుండి లేపితిమో ఏ బొగ్గును చెప్పజాలదు. శాస్త్రమునకు అందని ఆ భాగమే ధర్మమునకు చెందినది. క్రొత్తకోడలి వంటకమును ఒక్కమారు రుచి చూచి, ఆబ్దికమునాటి వంటను ఆమెకు ప్రేమతో నేర్పిన గృహమున పూర్వులును తృప్తులగుదురు, రాబోవువారును తెలుగువారుగ నిలుతురు.