పెట్టెలోని వెండి కలము

ధ్యాన భాగము: మత్తయి సువార్త 25:14–30



తలాంతుల ఉపమానము మనము చిన్ననాటినుండి వినుచున్నదే. ఐదు తలాంతులవాడు, రెండు తలాంతులవాడు, ఒక్క తలాంతువాడు. సండే స్కూలు పిల్లవాడు సహితము దీనిని తడుముకొనకుండ చెప్పగలడు. అయినను ఆ మూడవవానియెడల మనకు లోలోపల కొంత జాలి ఉన్నది. వాడు దొంగ కాడు. యజమానుని సొమ్ము త్రాగి పాడుచేయలేదు, జూదమాడి పోగొట్టలేదు. ఇచ్చినది ఇచ్చినట్టే తిరిగి అప్పగించెను. మన ఊరిలో ఇట్టివాడుంటే నమ్మకస్థుడని చెప్పి సంఘపు కానుకల పెట్టె తాళపుచెవి వాని చేతికే ఇత్తుము. మరి ప్రభువు వానిని అంత కఠినముగా ఏల గద్దించెను?

దీనికి జవాబు వెదకుటకు ఈ నెల మన ఊళ్లలో అంతగా కనబడని ఒక వస్తువును గూర్చి మాటలాడుకొందము.

పాత సిరా కలములను, అనగా ఫౌంటెన్ పెన్నులను, కూర్చుకొనువారు అనేక దేశములలో ఉన్నారు. వారిలో అనేకులకు నేడు అంగడిలో దొరకు కలముమీద అంత మక్కువ ఉండదు. తయారుచేయుట మానివేసిన కలములు, అందులోను ధనవంతులకొరకు చేసినవి, వారికి ప్రీతి. పార్కర్ 51 అను కలము 1941లో అంగడికి వచ్చి 1972లో ఆగిపోయెను. ఇప్పటికిని దానిని వెదకువారున్నారు. మాంట్‌బ్లాంక్ కంపెనీవారు 1992లో లోరెంజో ది మెడిచీ పేరిట 4,810 కలములు మాత్రమే చేసిరి. వారి కంపెనీ పేరుగల పర్వతపు ఎత్తు 4,810 మీటర్లని లెక్కించి ఆ సంఖ్య పెట్టుకొనిరి. ఇట్టి కలమొకటి అమ్మకమునకు వచ్చినప్పుడు కొనువాడు భూతద్దము పెట్టి పాళీని చూచును. మూత అంచు చూచును. మొదటి పెట్టె ఉన్నదా, ధర చీటీ ఊడకుండ ఉన్నదా అని అడుగును. అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న మరియొకటి ఉన్నది: దీనిలో ఎప్పుడైనను సిరా పోసిరా? పోయలేదని తేలినయెడల వెల ఒక్కసారి పైకి పోవును.

అట్టి కలములలో ఒకదాని చరిత్ర వినుడి.

1715వ సంవత్సరము జూలై నెలలో స్పెయిను దేశపు ఓడలు క్యూబాలోని హవానా రేవునుండి స్వదేశమునకు బయలుదేరెను. అమెరికా ఖండపు గనులలో తీసిన వెండి వాటిలో నిండియుండెను. ఆ కాలమున ఆ గనులలో పనిచేసినవారిలో అనేకులు బలవంతముగా తేబడిన ఆదివాసులు. ఆ నెలాఖరున ఫ్లోరిడా తీరమున పెనుగాలి పట్టి స్పెయినువారి ఓడలు పదకొండు నాశనమాయెను. వందలాది నావికులు చనిపోయిరి. తుపాను అనగా ఎట్టిదో మన కోస్తావారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనలో తమవారిని పోగొట్టుకొన్న కుటుంబములు మన సంఘములలోనే ఉన్నవి.

ఆ వెండిలో కొంత రెండువందల యేండ్లకు పైగా ఇసుక క్రింద పడియుండెను. 1960ల దశకములో కిప్ వాగ్నర్ అను నతడును అతని తోటివారును నీట మునిగి నాణెములను పైకి తీసిరి. పార్కర్ కంపెనీవారు ఆ వెండిలో కొంత కొని, కరిగించి, 1965లో దానితో 4,821 కలములు చేసిరి. ఒక్కొక్కదాని వెల 75 డాలర్లు. అదే నమూనాలో వారి మామూలు వెండి కలము 25 డాలర్లకే దొరకుచుండెను. నమూనా మాత్రము మెచ్చదగినది. పట్టుకొనుచోట మూడు పలకలుగా చెక్కిరి, వ్రేళ్లు జారకుండుటకు. పాళీని కొంచెము కుడికో యెడమకో త్రిప్పుకొను ఏర్పాటు చేసిరి, ఎవరి చేతివాటమునకు తగినట్లు వారు సరిచేసికొనుటకు. అది వ్రాయుటకొరకే చేయబడిన వస్తువని దానిని చేతపట్టినవారెవరైనను చెప్పుదురు.

అట్టి కలమునకు నేడు అన్నిటికంటె ఎక్కువ వెల ఎప్పుడు పలుకును? అది ఒక్క అక్షరమైనను వ్రాయక పెట్టెలోనే ఉండిపోయినప్పుడు.

ఆలోచింపుడి. ఆ వెండి మొదట కొండ గర్భములో ఉండెను. మనుష్యులు ప్రాణములొడ్డి త్రవ్వి తీసిరి. తరువాత సముద్ర గర్భములో పడెను, మునిగి తీసిరి. మూడవసారి దానిని చెక్కపెట్టెలో పూడ్చిపెట్టిరి, ఈసారి ప్రేమతోనే. మన ఉపమానములో యజమానుని సొమ్ము అని చెప్పబడిన చోట మూలమైన గ్రీకు మాటకు వెండి అని అర్థమున్నది. ఆ దాసుడు కూడ నేల త్రవ్వి వెండినే పూడ్చెను.

వాడు చెప్పిన కారణము ఒక్కటే: భయపడితిని. పెట్టె తెరువని కలముల యజమానుని కూడ అదే భయము పట్టుకొనియున్నది. ఒక్క బొట్టు సిరా పడినయెడల వెల తగ్గిపోవునేమో! అందుచేత అతడు చేయగలిగినది చూచుకొనుట మాత్రమే. ఆస్తి ఎక్కువైనప్పుడు దానిని కన్నులతో చూచుట తప్ప యజమానునికి మిగులు ప్రయోజనమేమని ప్రసంగి 5వ అధ్యాయములో అడిగిన ప్రశ్న ఇక్కడ అక్షరాల నెరవేరుచున్నది.

పోనీ, పూడ్చినది పూడ్చినట్టే నిలుచునా? నిలువదు. వాడక విడిచిన వెండి గాలి తగిలి నల్లబడును. పాత కలముల లోపలి రబ్బరు తిత్తి, ఎవరును ముట్టకపోయినను, ఏండ్లు గడచుకొలది గట్టిపడి పగులును. సెల్యులాయిడుతో చేసిన కొన్ని కలములు పెట్టెలోనే తమంతట తాము పెళుసెక్కి పొడియైపోవును. వాటినుండి వచ్చు ఆవిరి ప్రక్కనున్న కలముల లోహమును సహితము చెరుపును. పోగుచేసిన వెండి బంగారముల తుప్పును గూర్చి యాకోబు భక్తుడు వ్రాసినది ధనికులను భయపెట్టుటకు కల్పించిన మాట కాదని ఈ కలముల మరమ్మతు చేయువారికి బాగుగా తెలియును.

ఈ కలముల వారిని ఎగతాళి చేయుటకు దీనిని వ్రాయుటలేదు. వారి ఓర్పు గొప్పది. ఎనుబది యేండ్లనాటి పాళీ వంకరను వెండ్రుకవాసి తేడా లేకుండ సరిచేయువారు వారిలో ఉన్నారు. మన హార్మోనియముకు, మన మందిరపు తలుపు బందులకు మనము అంత శ్రద్ధ చూపితిమా? వారు లేనిచో ఆ పనితనమును రేపటివారు చూడనేరరు. అదియునుగాక, పెట్టెలో దాచు అలవాటు వారిది మాత్రమే కాదు. లూకా సువార్త 19వ అధ్యాయములోని దాసుడు తన మినాను రుమాలులో కట్టి ఉంచెను. పెండ్లినాడు బహుమానముగా వచ్చిన పెద్ద బైబిలును అట్లే రుమాలులో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టినవారు మనలో లేరా? పేజీల అంచు బంగారుపూత ఇంకను మెరయుచున్నదని వచ్చిన చుట్టములకు చూపుదురు. ఆ మెరుపు దేనికి సాక్ష్యమో పిల్లలైనను గ్రహింపగలరు.

కలముల సంగతిలోనే మన తెలుగు దేశమునకు సంబంధించిన ముచ్చట ఒకటి కలదు. రాజమండ్రిలో కె. వి. రత్నముగారు స్వదేశీ కలములు చేసిరి. ఎబొనైటు అను గట్టిపరచిన రబ్బరుతో చేతిమీద చేసినవి. ఆయన కలము జె. సి. కుమారప్పగారి ద్వారా గాంధీగారికి చేరెను. ఈ కుమారప్పగారు తంజావూరులో పుట్టిన క్రైస్తవుడు. గ్రామ పరిశ్రమలకే తన చదువును, జీవితమును ఇచ్చినవాడు. గాంధీగారు ఆ కలమును దాచిపెట్టలేదు. దానితో వ్రాసి చూచి, విదేశీ కలములకు బదులుగా పనికివచ్చునని 1935లో రత్నముగారికి ఉత్తరము వ్రాసిరి.

తరువాత 2009లో మాంట్‌బ్లాంకువారు ఆ గాంధీగారి పేరిటనే బంగారముతో 241 కలములు చేసిరి. దండి యాత్ర 241 మైళ్లు గనుక ఆ సంఖ్య అట. ఒక్కొక్కదాని వెల పది లక్షల రూపాయలకు మించినది. కేరళ హైకోర్టులో వ్యాజ్యము పడెను; 2010లో మన దేశమందు దాని అమ్మకము నిలిచిపోయెను. ఉప్పు చేయుటకు నడచిన మనుష్యుని నడకను లెక్కకట్టి, ఉప్పు కొను బీదవాడు కన్నెత్తి చూడలేని వస్తువు చేసిరి! దానిమీద వేరుగా వ్యాఖ్యానము అక్కరలేదు. ఈ రెండు కలములలో ఏది గాంధీగారిదని అడిగితే మన సంఘములో చదువురాని అవ్వ కూడ సరియైన జవాబు చెప్పును.

ఇక ఆ ఒక్క తలాంతువాని యొద్దకు వత్తము. వాని చేతికి వచ్చినది తక్కువ గనుక వాడు భయపడెనని కొందరు చెప్పుదురు. నాకు అట్లు తోచదు. ఒక తలాంతు అనగా కూలివాడు అనేక సంవత్సరములు కష్టించినను కూడబెట్టలేనంత సొమ్ము. తనకు ఇచ్చినది కొంచెమని వాడు అనుకొనెను. ఇచ్చినవాడు కఠినుడని కూడ అనుకొనెను. ఈ రెండు తలంపులు కలిసినప్పుడు చేయి కదలదు. "నేను పాటగాడను కాను, ఉపదేశిని కాను, నాకేమి వచ్చును?" అని వెనుక బల్లమీద కూర్చుండు సహోదరుడా, నీకు అక్షరములు వచ్చునా? పింఛను కాగితము నింపలేక పోస్టాఫీసు గడపలో నిలిచిన విధవరాలికి నీ పది నిమిషములు ఏ వెండికంటెను ఎక్కువ. ఆ కౌంటరుమీద దారముతో కట్టియుంచిన ఐదు రూపాయల బాల్ పెన్నును ఎవడును కూర్చుకొనడు. కాని ఒక్క దినములో దాని చేత సాగు పనులు ఎన్నియో లెక్కించి చూడుడి.

రోమీయులకు వ్రాసిన పత్రిక చివరి అధ్యాయమును తెరచి 22వ వచనము చూడుడి. తెర్తియు అను నతడు అక్కడ కనబడును. పౌలు చెప్పుచుండగా ఆ పత్రికను చేతితో వ్రాసినవాడు ఇతడే. ఇతనిని గూర్చి వేదములో ఇంకెక్కడను ఒక్క మాట లేదు. ప్రసంగించినట్లు లేదు, అద్భుతము చేసినట్లు లేదు. అతనికి వ్రాత వచ్చును, వ్రాసెను. అతని రెల్లు కలము అరిగియుండును, మరల చెక్కుకొనియుండును, చివరకు పారవేసియుండును.

ఒకప్పుడు బాగుగా వ్రాసి మధ్యలో ఆగిపోయిన కలములును ఉన్నవి. సండే స్కూలు నడిపి మానినవారు, స్త్రీల కూటమును విడిచినవారు, ఒక మాట పట్టింపుచేత మందిరపు పని వదలినవారు ఈ వరుస చదువుచుండవచ్చును. వారికి కలముల వారి యొద్దనుండి ఒక సంగతి చెప్పెదను. సిరా ఎండి బిగిసిపోయిన కలమును వారు పారవేయరు, సూదితో పొడువరు, వేడినీళ్లు పోయరు, ఏలయనగా వేడికి కలము వంగిపోవును. గ్లాసెడు చన్నీళ్లలో పాళీని ముంచి రాత్రంతయు ఉంచుదురు. తెల్లవారుసరికి ఏండ్లనాటి సిరా నీలి దారములవలె నీటిలోనికి దిగుచుండును. నీళ్లు పారబోసి మరల క్రొత్త నీళ్లు పోయుదురు. కొన్నిటికి రెండు మూడు దినములు పట్టును.