ప్రయారిటీ డేటు తలరాత కాదు

అమెరికాలో గ్రీన్ కార్డు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న తెలుగు ఇళ్లలో తరచూ వినబడే మాట: "మన చేతుల్లో ఏముంది, రాసిపెట్టి ఉంటే వస్తుంది." ఓదార్పుగా ఆ మాట మంచిదే, సత్యమని నమ్మితేనే చిక్కు. ఈ ఆలస్యాన్ని రాసింది అమెరికా కాంగ్రెస్, 1990లో. ఉద్యోగాల కోటాలో ఏడాదికి సుమారు 1,40,000 గ్రీన్ కార్డులు. ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదు. భార్యాపిల్లలకిచ్చే కార్డులూ ఆ లెక్కలోవే. ఇండియాలో పుట్టినవాళ్లకీ, ఏటా పదిమంది కూడా రాని చిన్న దేశంలో పుట్టినవాళ్లకీ పరిమితి ఒకటే. వేరే దేశాలు వాడుకోని కార్డులు మిగిలితే క్యూలో ఏ ప్రయారిటీ డేటు దాకా వంతు వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్‌లో తేదీ ముందుకు జరుగుతుంది, దరఖాస్తులు పోటెత్తితే వెనక్కి పోతుంది. మనుషులు రాసిన చట్టాన్ని విధి ఖాతాలో వేస్తే, దాన్ని మార్చమని అడిగే గొంతు ముందే మూగబోతుంది.

గీత 18వ అధ్యాయం ఏ పనికైనా ఐదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, దైవం. దైవం అందులో ఐదోది. అంతా తన వల్లే జరుగుతుందనుకునేవాణ్ణి గీత అవివేకి అంటుంది. అంతా దైవమేననడం కూడా అంతే అవివేకమని నా అభిప్రాయం. అలాగైతే వీసా కోసం చిలుకూరు బాలాజీ గుడి చుట్టూ తిరిగేవాళ్ల మాటేమిటని అడగవచ్చు. కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. చేతిలో అంకెలు అచ్చేసిన కాగితం, చుట్టు పూర్తవగానే పెన్నుతో ఒక గీత. ఆ కాగితం మీద లెక్కకొచ్చేవి తను వేసిన చుట్లే. ఫలానికి అందులో గడి లేదు. కర్మయోగాన్ని అంత తేటగా ఆచరించే భక్తుణ్ణి మూఢుడనడానికి నాకు మనసొప్పదు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఒకటుంది. అమెరికాలోనే పెరిగిన బిడ్డకు 21 ఏళ్లు నిండుతున్నాయి, అవి నిండితే సాధారణంగా తల్లిదండ్రులతో పాటు కార్డు రాదు, వాళ్ల తేదీ ఇంకా రాలేదు. ఆ కుటుంబానికి నిష్కామకర్మ బోధించడం క్రూరం కాదా? ఊరుకోమని చెబితే క్రూరమే. కానీ గీత అర్జునుణ్ణి ఊరుకోమనలేదు. 2007 జూలై బులెటిన్‌లో దాదాపు అన్ని ఉద్యోగ కేటగిరీలూ కరెంట్ అయ్యాయి, అంటే తేదీతో పని లేకుండా దరఖాస్తు చేసుకోవచ్చన్నారు. వైద్య పరీక్షలు చేయించుకుని, కాగితాలు సర్దుకుని జనం సిద్ధమయ్యాక జూలై 2న ప్రభుత్వం మాట మార్చింది. దరఖాస్తుదారులు గాంధీగిరి పేరుతో ఇమ్మిగ్రేషన్ శాఖ అధిపతికి వందలాది పూలగుత్తులు పంపారు. ఆయన వాటిని వాల్టర్ రీడ్ ఆసుపత్రిలో ఉన్న గాయపడిన సైనికులకు పంపించారు. కోర్టు దావాలూ, కాంగ్రెస్ సభ్యుల ఒత్తిడీ తోడయ్యాయి. జూలై 17న ప్రభుత్వం వెనక్కి తగ్గి దరఖాస్తులు తీసుకుంది. క్యూ మాత్రం తగ్గలేదు, చట్టం నేటికీ అదే. అయినా దైవం మీద వదిలేసి కూర్చుంటే ఆ నెలలో దొరికింది కూడా దొరికేది కాదు.

తేదీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు గనక దాని మీద మనసు పెట్టుకుని చదవాలనుకున్న చదువునూ, పిల్లల బాల్యాన్నీ వాయిదా వేయకండి. ఇంట్లో పదిహేనేళ్లు దాటిన పిల్లలుంటే, వచ్చే నెల బులెటిన్ దాకా ఆగకుండా, 2002 నాటి పిల్లల హోదా రక్షణ చట్టం (చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ యాక్ట్) కింద వాళ్ల వయసు ఎలా లెక్కిస్తారో ఇప్పుడే ఒక న్యాయవాదిని అడగండి.